ఆస్ట్రేలియా కొత్త ఏజ్డ్ కేర్ చట్టం: మీ అమ్మానాన్నలకి నిజంగా ఎంత ఖర్చవుతుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 82 ఏళ్లు, రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది, కుడి చేతికి ఇంకా పూర్తిగా పట్టు రాలేదు. అమ్మగారికి 77, మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ మెల్‌బోర్న్‌లో మీ ఇంట్లోనే ఉంటున్నారు, ఇద్దరికీ పూర్తి ఏజ్ పెన్షన్ వస్తోంది. గుంటూరులో ఒక ఇల్లుంది, ఆ సంగతి పెన్షన్ చూసే ప్రభుత్వ విభాగం సెంటర్‌లింక్‌కి చెప్పే ఉన్నారు. కొత్త ఏజ్డ్ కేర్ (వృద్ధుల సంరక్షణ) చట్టంలో స్నానం చేయించడానికి కూడా డబ్బు తీసుకుంటారని, నర్సింగ్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకునే చోట, చేరితే ఇల్లు పోతుందని గుడిలో ఎవరో చెప్పారు. ఆ భయంతో నాన్నగారికి ఎంత సాయం అవసరమో తేల్చే ప్రభుత్వ అసెస్‌మెంట్ చేయించకుండా ఆగిపోయారు. గుంటూరు ఇల్లు మీ అక్క పేరుకి మార్చేయమంటారా అని అడుగుతున్నారు.

నేను మెల్‌బోర్న్‌లోనే 14 ఏళ్లుగా పెద్దవాళ్లకి ఇంటి దగ్గర సేవలందించే సంస్థల్లో కేర్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. మా అత్తగారిని చివరి నాలుగేళ్లు ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాం. కాబట్టి కాగితాల వైపు నుంచీ తెలుసు, ఇంటి వైపు నుంచీ తెలుసు.

ముందు మీకు కావాల్సిన జవాబు చెప్పేస్తాను. నాన్నగారికి అసెస్‌మెంట్ కోసం ఈ వారమే ఫోన్ చేయండి. గుంటూరు ఇంటి కాగితాలు కదిలించకండి. అమ్మగారికి 2024లో ఎప్పుడో అసెస్‌మెంట్ అయిందని, ప్యాకేజ్ (ఇంటి దగ్గర సేవలకి ప్రభుత్వం కేటాయించే డబ్బు) మాత్రం మొదలుపెట్టలేదని మీ ప్రశ్నలో చివర్న ఒక్క వాక్యం రాశారు కదా, ఆ ఉత్తరం వెతికి దాని మీద తేదీ చూడండి. మీరు రాసిన మొత్తంలో అన్నిటికన్నా విలువైన సంగతి అదే.

ఎందుకో చెబుతాను. ప్రభుత్వం ఈ ఫీజుల మార్పుని 2024 సెప్టెంబర్ 12న ప్రకటించింది. ఆ తేదీనాటికి హోమ్ కేర్ ప్యాకేజ్ (ఇంటి సేవల పాత పథకం) వాడుకుంటున్నవాళ్లకి, క్యూలో ఉన్నవాళ్లకి, లేదా ప్యాకేజ్‌కి అర్హులని అప్పటికే తేలినవాళ్లకి కొత్త పద్ధతి వల్ల పాతదానికంటే నష్టం జరగకూడదని నియమం పెట్టారు. అలాంటివాళ్లలో పూర్తి పెన్షన్ ఉన్నవాళ్లు ఇంటి సేవలకి తమ వంతు ఏమీ కట్టక్కర్లేదు. అమ్మగారి ఆమోదం ఉత్తరం ఆ తేదీ లోపలిదైతే ఆవిడకి నర్స్ వచ్చినా, ఇల్లు ఊడ్చే మనిషి వచ్చినా కట్టాల్సింది సున్నా. తేదీ తర్వాతదైతే కొత్త రేట్లు పడతాయి. ఒక్క వారం తేడాతో ఈ హక్కు పోగొట్టుకున్న కుటుంబాలని చూశాను. హక్కు ఉండి కూడా, ఉత్తరం సొరుగులో పడేసి, కొత్తవాళ్లలాగా ఫీజు కడుతున్నవాళ్లనీ చూశాను. ఉత్తరం దొరక్కపోతే ఈ సేవలకి ప్రభుత్వం పెట్టిన కేంద్రం మై ఏజ్డ్ కేర్‌కి ఫోన్ చేస్తే రికార్డులో చూసి చెబుతారు. నంబర్ 1800 200 422.

ఇక ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా. నర్సింగ్ హోమ్‌లలో నిర్లక్ష్యం మీద 2018లో రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే పెద్ద విచారణ సంఘం) వేశారు. 2021 మార్చిలో బయటికొచ్చిన తుది నివేదికలో 148 సిఫార్సులున్నాయి. 1997 నాటి పాత చట్టం సేవలందించే సంస్థల చుట్టూ, వాళ్లకిచ్చే నిధుల చుట్టూ అల్లినది, అందులో ఆ సేవలు అందుకునే మనిషి ఎక్కడో మూలన ఉన్నాడు, దాన్ని తీసేసి మనిషి హక్కులతో మొదలయ్యే చట్టం తెండి అన్నది అందులో ముఖ్యమైనది. అలా వచ్చిందే ఏజ్డ్ కేర్ చట్టం 2024. పార్లమెంటులో 2024 నవంబరులో పాసైంది. 2025 జూలైలో మొదలవ్వాల్సింది, వాయిదా పడి 2025 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. హక్కులతో పాటు ఫీజులు కూడా వచ్చాయి. సేవలకి డబ్బు చాలడం లేదని, ఉన్నవాళ్లు కొంత కట్టాలని 2024లో ప్రభుత్వ టాస్క్‌ఫోర్స్ చెప్పింది. జనం నోటికి ఆ రెండో భాగమే చేరింది.

ఇంటి దగ్గర సేవలకి ఇప్పుడున్న పథకం పేరు సపోర్ట్ ఎట్ హోమ్. పాత హోమ్ కేర్ ప్యాకేజీల్లో నాలుగు లెవెల్స్ ఉండేవి, ఇందులో ఎనిమిది తరగతులు. మొదటి తరగతికి ఏడాదికి 10,731 డాలర్లు, నాలుగోదానికి 29,696, ఎనిమిదోదానికి 78,106. పథకం మొదలైనప్పటి అంకెలివి, మధ్యమధ్యలో పెరుగుతుంటాయి. డబ్బు మన చేతికి రాదు, మూడు నెలలకోసారి బడ్జెట్‌గా కేటాయిస్తారు. అందులో 10 శాతం కేర్ మేనేజ్‌మెంట్‌కి, అంటే నాలాంటివాళ్ల పనికి పోతుంది. మూడు నెలల్లో ఖర్చు కాని డబ్బు మొత్తం తర్వాతి మూడు నెలలకి వెళ్లదు. 1,000 డాలర్లు లేదా బడ్జెట్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకే వెళుతుంది. పాత పద్ధతిలో మనవాళ్లు చాలామంది ‘కష్టకాలానికి ఉంటుందిలే’ అని ప్యాకేజ్‌లో డబ్బు కూడబెట్టేవారు. ఇప్పుడలా దాచుకోవడం కుదరదు.

ఫీజు సంగతికొస్తే, ఎంత కట్టాలన్నది ఏ రకం సేవ వాడుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పథకం మొదలైనప్పుడు సేవల్ని మూడు గంపల్లో వేశారు. నర్స్ పని, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా చేసే చికిత్స), కేర్ మేనేజ్‌మెంట్ లాంటివి మొదటి గంప. దీనికి ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు, కోటీశ్వరుడైనా సరే. స్నానం, బట్టలు తొడగడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, మనిషి తన పని తాను చేసుకోగలిగేలా ఉంచేవి రెండో గంప. పూర్తి పెన్షన్ ఉన్నవాళ్లు ఇందులో 5 శాతం కడతారు. పెన్షన్ కొంతే వచ్చేవాళ్లు స్తోమతని బట్టి 5 నుంచి 50 శాతం, సొంత డబ్బు మీద బతికేవాళ్లు 50 శాతం. ఇల్లు శుభ్రం చేయడం, తోట పని, వంట లాంటివి మూడో గంప. పూర్తి పెన్షన్‌కి 17.5 శాతం, మిగతావాళ్లకి 80 శాతం దాకా వెళుతుంది.

మీ నాన్నగారి విషయంలో లెక్క వేసి చూద్దాం. ఆయనకి నాలుగో తరగతి వచ్చిందనుకోండి. కేర్ మేనేజ్‌మెంట్ తీసేస్తే వారానికి దాదాపు 514 డాలర్ల సేవలు వస్తాయి. సంస్థ గంటకి 100 డాలర్లు తీసుకుంటుందనుకుందాం, లెక్క తేలిగ్గా ఉండటానికి ఆ అంకె నేనే పెడుతున్నాను. వారానికి మూడుసార్లు స్నానానికి మనిషి వస్తే 300 డాలర్లు, అందులో ఆయన వంతు 15. వారానికో గంట ఇల్లు శుభ్రానికి 100, అందులో 17 డాలర్ల 50 సెంట్లు. రెండు వారాలకోసారి ఫిజియో, అందుకు ఆయన జేబులోంచి ఏమీ లేదు. మొత్తం వారానికి 32 డాలర్ల 50 సెంట్లు. ఇల్లు శుభ్రం మీరే చేసుకుంటామంటే 15 డాలర్లు. గుడిలో మీరు విన్న కథకీ ఈ అంకెకీ ఎంత దూరం ఉందో చూడండి.

పాత పద్ధతిలో పూర్తి పెన్షన్ ఉన్నవాళ్ల దగ్గర చాలా సంస్థలు ఏమీ తీసుకునేవి కావు. కాబట్టి ‘ఏమీ మారలేదు’ అని నేను అనను. పెన్షన్ మీద బతికే మనిషికి వారానికి 32 డాలర్లు చిన్న మొత్తం కాదు. అది కూడా కట్టలేని పరిస్థితి ఉంటే సెంటర్‌లింక్‌ని నడిపే సర్వీసెస్ ఆస్ట్రేలియాకి హార్డ్‌షిప్ (ఆర్థిక ఇబ్బంది) దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటే ఆ భాగం ప్రభుత్వమే కడుతుంది.

స్నానాన్ని రెండో గంపలో వేయడం మాత్రం నాకు మొదటి రోజు నుంచీ తప్పనిపించింది. నర్స్ పుండుకి కట్టు కడితే ఉచితం, ఆ పుండు రాకుండా రోజూ ఒళ్లు శుభ్రంగా తుడిస్తే డబ్బు కట్టాలి. ఈ పనిలో ఉన్న ఎవర్నడిగినా చెబుతారు, స్నానం సరిగా జరగని ఇంట్లో మూత్రనాళ ఇన్‌ఫెక్షనో, చర్మం చిట్లడమో, బాత్‌రూమ్‌లో జారిపడటమో జరిగే ప్రమాదం ఎక్కువ. ఫీజు చిన్నదే, కానీ ఫీజు అనే మాట వినగానే మన పెద్దవాళ్లు మొదట మానేసేది స్నానం సాయాన్నే. ‘నా స్నానానికి పిల్లల డబ్బెందుకు’ అంటారు. కొత్త రేట్లు వచ్చిన మొదటి నెలలోనే మా దగ్గర ఒక పెద్దాయన స్నానం వారానికి మూడు నుంచి ఒకటికి తగ్గించుకున్నారు. ఆయన మిగుల్చుకున్నది వారానికి 10 డాలర్లు. మీ నాన్నగారి విషయంలో దయచేసి అలా జరగనివ్వకండి. ఆయన మొహమాటపడితే ఆ 15 డాలర్లు మీ ఖాతాలోంచి కట్టేయండి, ఆయనకి చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

ఇప్పుడు అసెస్‌మెంట్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో పని చెడేది ఇక్కడే.

2024 డిసెంబర్ 9 నుంచి అసెస్‌మెంట్లన్నీ ఒకే వ్యవస్థ కిందకి వచ్చాయి. మై ఏజ్డ్ కేర్‌కి ఫోన్ చేస్తే, లేదా మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) రిఫర్ చేస్తే, ఒక అసెసర్ ఇంటికొచ్చి గంట, గంటన్నర మాట్లాడతారు. దేశమంతా ఒకే ప్రశ్నావళి. మీరు చెప్పిన జవాబుల మీదే తరగతి నిర్ణయమవుతుంది.

ఆ రోజు మన ఇళ్లలో ఏం జరుగుతుందో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. నాన్నగారు పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు. ఆ బొత్తాలు పెట్టింది మీ భార్య, కానీ ఆ మాట ఎవరూ చెప్పరు. అసెసర్ వస్తే లేచి నిలబడి ‘రండమ్మా, కూర్చోండి’ అంటారు. ‘స్నానం మీరే చేసుకుంటారా?’ అంటే ‘ఆఁ, నేనే చేసుకుంటానమ్మా’ అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. పరాయి మనిషి ముందు, అదీ కోడలు వింటుండగా, నా ఒళ్లు నేను తోముకోలేను అని చెప్పడానికి ఆయనకి నోరు రాదు. అమ్మగారు కాఫీ తెచ్చి ‘మాకేం ఇబ్బంది లేదు, పిల్లలు బాగా చూసుకుంటున్నారు’ అంటారు. అసెసర్ అదంతా రాసుకుని వెళతారు. నెల తర్వాత ఉత్తరం వస్తుంది, అవసరం ఉన్న మనిషికి రెండో తరగతి వచ్చి ఉంటుంది.

మా అత్తగారి మొదటి అసెస్‌మెంట్ అచ్చం అలాగే అయింది. ఆవిడ రాత్రి మూడుసార్లు లేస్తారని, లేచిన ప్రతిసారీ నేను పక్కనుండాలని ఆ గదిలో నేనే చెప్పలేదు, ఆవిడ చిన్నబుచ్చుకుంటారని. రోజూ వేరేవాళ్ల ఇళ్లలో ఇదే పని చేసే నేను, మా ఇంట్లో నోరు మెదపలేకపోయాను. ఆర్నెల్ల తర్వాత ఆవిడ పడి తుంటి ఎముక విరిగాక మళ్లీ అసెస్‌మెంట్ చేయించాం.

కాబట్టి ముందు వారం రోజులు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరు ఎప్పుడు ఏం సాయం చేశారో నిమిషాలతో సహా రాయండి. బట్టలు, స్నానం, పళ్లెంలో అన్నం కలిపివ్వడం, మందులు, రాత్రి లేవడం, మెట్ల దగ్గర చేయి పట్టుకోవడం, అన్నీ. ఆయన తడబడినవి, పడబోయి ఆగినవి కూడా. ఆ నోట్‌బుక్, హాస్పిటల్ డిశ్చార్జ్ కాగితం, మందుల జాబితా అసెసర్‌కి ఇవ్వండి. నాన్నగారి ముందు చెప్పలేని విషయం ఉంటే అసెసర్‌తో విడిగా పది నిమిషాలు మాట్లాడతామని అడగండి, వాళ్లకి ఇది మామూలే. మీ భార్య ఆ రోజు ఆఫీసుకి వెళ్లకుండా ఇంట్లో ఉండాలి. నిజంగా పని చేస్తున్న మనిషి మాట వినకుండా రాసిన అసెస్‌మెంట్ అరకొరగానే ఉంటుంది.

భాష గురించి ఒక మాట. మీరే అనువాదం చేస్తామనకండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఫోన్ చేసేటప్పుడే చెప్పండి, ఉచితం. ఫోన్‌లోనే కావాలంటే ప్రభుత్వ అనువాద సేవ టిస్ నేషనల్ 131 450కి చేసి మై ఏజ్డ్ కేర్‌కి కలపమనవచ్చు. కొడుకుతో చెప్పని విషయాలు కొన్ని నాన్నలు పరాయి గొంతుతో చెబుతారు. మూత్రం ఆగడం లేదన్న సంగతి ఇంటర్‌ప్రెటర్ ద్వారా మొదటిసారి బయటపడిన ఇళ్లు నాకు ఎన్నో తెలుసు.

అసెసర్‌ని రెండు విషయాలు పేరు పెట్టి అడగండి. ఒకటి రిస్టోరేటివ్ కేర్. 16 వారాల పాటు, దాదాపు 6,000 డాలర్ల బడ్జెట్‌తో ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ లాంటివి గట్టిగా చేయించి, పోయిన శక్తిని కొంత వెనక్కి తెచ్చే దారి అది. కుడి చేతికి ఇంకా పట్టు రాలేదంటున్నారు కాబట్టి ఆయన దీనికి సరిపోతారేమో చూడమనండి. రెండోది ఇంట్లో అమర్చే వస్తువులు, చిన్న మార్పులు. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, కూర్చుని స్నానం చేసే కుర్చీ, మెట్టు దగ్గర ర్యాంప్ లాంటివాటికి మామూలు బడ్జెట్ కాకుండా విడిగా డబ్బు ఉంది. అవసరాన్ని బట్టి 500, 2,000, 15,000 డాలర్ల దాకా మూడు అంచెలు. అడగనివాళ్లకి ఇది చాలాసార్లు జారిపోతుంది. కడ్డీ బిగించడానికి మీ బంధువుల అబ్బాయిని పిలవకండి, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చెప్పిన ఎత్తులో, గోడలో కట్టె ఉన్నచోట బిగించాలి. జిప్సమ్ గోడకి బిగించిన కడ్డీ మనిషి బరువుకి ఊడొచ్చేస్తుంది.

ఆమోదం వచ్చాక కూడా వెంటనే మనిషి రారు, క్యూ ఉంది. 2025 సెప్టెంబరులో సెనేట్‌లో గట్టిగా పట్టుబట్టాక ప్రభుత్వం ఒప్పుకుని 20,000 ప్యాకేజీలు ముందుగా వదిలింది, ఆ ఆర్థిక సంవత్సరంలో మొత్తం 83,000 ఇస్తామంది. అయినా క్యూ పోలేదు. కొందరికి పూర్తి బడ్జెట్ వచ్చేదాకా 60 శాతంతో మొదలుపెడుతున్నారు. అలా వస్తే తీసుకోండి, ‘పూర్తిది వచ్చాక చూద్దాం’ అనకండి. వద్దంటే క్యూలో గడిచిన కాలానికి ఏమీ రాదు. మీరు ఫీజు భయంతో ఆగిన ప్రతి నెలా ఈ క్యూలో ఒక నెల వెనక్కి పోయినట్టే, నాకు బాధగా ఉన్నది అదే.

సంస్థని ఎంచుకునేటప్పుడు గంట ధర అడగండి. ధరలు మై ఏజ్డ్ కేర్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, పోల్చి చూడొచ్చు. ఇప్పుడు సంస్థలు ఆఫీసు ఖర్చులని విడిగా తీసుకోకూడదు, గంట ధరలోనే కలపాలి. అందుకే ధరలు పాతవాటికంటే ఎక్కువగా కనిపిస్తాయి. శనివారం, ఆదివారం రేటు విడిగా అడగండి, స్నానం సోమవారం నుంచి శుక్రవారం మధ్య పెట్టుకుంటే అదే బడ్జెట్‌లో ఎక్కువసార్లు వస్తుంది. ఒప్పందం మీద అక్కడికక్కడే సంతకం పెట్టమంటే పెట్టకండి. ఒక సంస్థ మా కాలనీలో ఉండే ఒక పెద్దావిడ దగ్గర, ఇంటర్‌ప్రెటర్ లేకుండా, 30 పేజీల కాగితం మీద సంతకం తీసుకుంది. ఆవిడకి వచ్చే గంటలు తగ్గించేసిన సంగతి రెండు నెలల తర్వాత కూతురు చూస్తేగానీ తెలియలేదు.

నర్సింగ్ హోమ్ గురించి మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీ నాన్నగారి పరిస్థితి చదివితే ఇప్పుడే ఆ అవసరం కనిపించడం లేదు.

‘ఇల్లు లాక్కుంటారు’ అన్నది నిజం కాదు. నాన్నగారు ఉంటున్నది మీ ఇల్లు, మీ పేరు మీద ఉంది. అది ఆయన ఆస్తి కాదు, ఏ లెక్కలోకీ రాదు. సొంత ఇల్లున్నవాళ్లకి కూడా భార్యో భర్తో అందులోనే ఉంటుంటే ఆ ఇంటిని లెక్కలోకి తీసుకోరు. తీసుకున్నా దాని పూర్తి విలువ కాకుండా రెండు లక్షల డాలర్ల పైచిలుకు దగ్గర ఆపేస్తారు. సిడ్నీలో 20 లక్షల ఇంటికైనా అంతే.

అక్కడ కట్టాల్సినవి ఇలా ఉంటాయి. అందరూ కట్టేది రోజువారీ ప్రాథమిక ఫీజు. ఒంటరిగా ఉన్నవాళ్లకి వచ్చే ప్రాథమిక పెన్షన్‌లో 85 శాతం, 2025 సెప్టెంబర్ లెక్కలో రోజుకి 65 డాలర్ల 55 సెంట్లు. దాని పైన ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్లు భోజనం, శుభ్రత లాంటివాటికి కొంత, వైద్యేతర సంరక్షణకి కొంత కడతారు. ఈ రెండోదానికి జీవితం మొత్తానికి ఒక హద్దుంది. ప్రకటించినప్పుడు లక్షా 30 వేల డాలర్లు, ఏటా కొద్దిగా పెరుగుతుంది. లేదా నాలుగేళ్లు, ఏది ముందైతే అది. ఇంటి దగ్గర సేవలకి మీరు కట్టిన వంతు కూడా ఆ హద్దులో కలుస్తుంది. పెన్షన్ తప్ప పెద్దగా ఏమీ లేనివాళ్లకి ఈ రెండూ సాధారణంగా పడవు.

గది కోసం కట్టే డిపాజిట్‌ని ఇక్కడ అందరూ రాడ్ అంటారు. మొత్తం ఒకేసారి కట్టొచ్చు, లేదా దాని మీద వడ్డీలాగా రోజుకింత కట్టొచ్చు, కొంత అదీ కొంత ఇదీ చేయొచ్చు. చేరిన తర్వాత 28 రోజుల్లోపు నిర్ణయించుకోవచ్చు, చేరకముందే చెప్పమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. ఇంతకుముందు ఈ డిపాజిట్ పూర్తిగా వెనక్కి వచ్చేది. 2025 నవంబర్ 1 తర్వాత చేరినవాళ్ల దగ్గర ఏడాదికి 2 శాతం చొప్పున ఐదేళ్ల దాకా సంస్థ ఉంచుకుంటుంది. 5 లక్షలు కడితే ఏడాదికి సుమారు 10,000 పోతుంది. తక్కువ ఆస్తి ఉన్నవాళ్లకి గది ఖర్చు ప్రభుత్వమే మొత్తమో, కొంతో భరిస్తుంది. నాన్నగారు ఈ కోవలోకి వస్తారా అన్నది గుంటూరు ఇంటి విలువని బట్టి కూడా ఉంటుంది. భార్యాభర్తలకి ఇద్దరి ఆస్తి కలిపి చెరిసగం చేసి చూస్తారు కాబట్టి గుంటూరు ఇంటి విలువలో సగమే ఆయన లెక్కలో పడుతుంది. కట్టాల్సి వస్తే సరిగ్గా ఎంతో సర్వీసెస్ ఆస్ట్రేలియా లెక్కకట్టి రాతపూర్వకంగా ఇస్తుంది.

డబ్బు గొడవలో పడి అక్కడ మారిన మంచిని ఎవరూ చెప్పడం లేదు. 2023 జూలై నుంచి ప్రతి నర్సింగ్ హోమ్‌లో 24 గంటలూ రిజిస్టర్డ్ నర్స్ ఉండాలి. 2024 అక్టోబర్ నుంచి ఒక్కొక్కరికి సగటున రోజుకి 215 నిమిషాల సంరక్షణ అందాలి, అందులో 44 నిమిషాలు నర్స్‌ది. రాత్రి 11 గంటలకి ఊపిరాడకపోతే అంబులెన్స్ తప్ప గతిలేని హోమ్‌లని నేను చూశాను కాబట్టి ఇది ఎంత పెద్ద మార్పో నాకు తెలుసు.

ఇక గుంటూరు ఇల్లు. అక్క పేరుకి మార్చేస్తే లెక్కలోంచి పోతుందనుకోవడం పొరపాటు. కానుకగా ఇచ్చింది ఏడాదికి 10,000 డాలర్లు, ఐదేళ్లలో మొత్తం 30,000 దాటితే, మిగతాది ఐదేళ్ల పాటు ఇంకా ఆయన దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. పెన్షన్‌కీ అంతే, ఏజ్డ్ కేర్‌కీ అంతే. అంటే ఇల్లు చేతిలోంచి పోతుంది, లెక్కలో మాత్రం ఉంటుంది. పైగా ఆ ఇల్లు ఉండగానే ఇద్దరికీ పూర్తి పెన్షన్ వస్తోంది కదా, దాని వల్ల ఇంటి సేవల ఫీజు ఒక్క సెంటు కూడా పెరగడం లేదు. పిల్లలకి ఇవ్వాలన్నది ఆయన కోరికైతే అది వేరే మాట, ఏజ్డ్ కేర్ భయంతో మాత్రం వద్దు. ఊళ్లో తనకో ఇల్లుందన్న ధైర్యం 82 ఏళ్ల మనిషికి చిన్నదేమీ కాదు. అమ్మితే ఆ విలువ మారిన సంగతి సెంటర్‌లింక్‌కి 14 రోజుల్లో చెప్పాలి, అది మర్చిపోకండి.

కొత్త చట్టంలో ‘రిజిస్టర్డ్ సపోర్టర్’ అని ఒక ఏర్పాటుంది. మిమ్మల్ని ఆ పేరుతో నమోదు చేసుకోండి. అప్పుడు నాన్నగారి కాగితాలు, సమాచారం మీకూ అందుతాయి, నిర్ణయాలు మాత్రం ఆయనవే. తరగతి తక్కువ వచ్చిందనిపిస్తే ఉత్తరంలో రాసిన గడువు లోపల పునఃపరిశీలన అడగండి. సంస్థతో పేచీ వస్తే ఓపాన్ అనే సంస్థ మీ తరఫున ఉచితంగా మాట్లాడుతుంది, 1800 700 600. ఫిర్యాదు చేస్తే నాన్నగారిని సరిగా చూడరేమో అని భయపడకండి. ఫిర్యాదు చేసినందుకు ఇబ్బంది పెట్టకూడదని చట్టంలోనే ఉంది, మా ఆఫీసుల్లో దాన్ని గట్టిగానే పట్టించుకుంటారు.

ముందు అమ్మగారి ఉత్తరం వెతకండి. తేదీ దొరికాక, అసెస్‌మెంట్‌కి రోజు ఖరారయ్యాక ఆ రెండూ ఇక్కడ రాయండి. మీ నోట్‌బుక్‌లో వారం రోజులు రాసింది కూడా పెడితే, అందులోంచి అసెసర్‌కి ముందుగా ఏం చూపించాలో నేను చూసి చెబుతాను.